మోడల్ ఏదని అడిగే ముందు ఆ నోట్‌బుక్కు ఒకసారి తెరవండి

బడి పిల్లల సైన్స్ ఫెయిర్‌లకు జడ్జీలుగా వచ్చే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం. నేను అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. నా పేరు, ఊరు రాయడం లేదు. రాస్తే ఆ పిల్ల ఎవరో తెలిసిపోతుంది, తనను నలుగురి నోళ్లలో పెట్టడం నాకు ఇష్టం లేదు. ఏ ఫెయిర్‌లో జరిగిందో, ఆ రోజు జడ్జీలు ఎవరో కూడా చెప్పను. ఏటా ఎక్కడో ఒకచోట ఇదే జరుగుతోంది కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మా బడిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఉంది, వాళ్లది జీవాలు మేపుకునే కుటుంబం. నాలుగు నెలలపాటు వాళ్ల మందలో ఒక మేకను గమనించి, లాంగ్ నోట్‌బుక్కు నిండా రాసుకుని ఫెయిర్‌కు వచ్చింది. బల్ల మీద ఆ నోట్‌బుక్కు, వెనక గోడకు ఒక చార్టు, అంతే. కుడిపక్క బల్ల మీద సిరంజీలతో చేసిన జేసీబీ, ఎడమపక్క మూత దానంతట అదే తెరుచుకునే చెత్తబుట్ట. జడ్జీలు వచ్చారు, "మోడల్ ఏదమ్మా?" అని అడిగారు. "మోడల్ లేదు సార్, చూసి రాసినాను" అంది. ఒకాయన నవ్వి, "చదువుకోమని బడికి పంపిస్తే మేకలు కాస్తున్నావా?" అన్నాడు. చెడ్డ మనసుతో అన్న మాట కాదు, నేను పక్కనే ఉన్నాను, ముద్దుగానే అన్నాడు. కానీ నోట్‌బుక్కు తెరవకుండానే పక్క బల్లకు వెళ్లిపోయారు, అక్కడ జేసీబీ చెయ్యి పైకి లేస్తుంటే ఫోటోలు కూడా తీసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "వాళ్లు పుస్తకం తెరవనే లేదు సార్" అంది. ప్రైజు రాలేదని ఒక్కమాట కూడా అనలేదు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది, అందుకే రాస్తున్నాను. మీరు తెరవలేదు కాబట్టి అందులో ఏముందో నేను చెప్తాను.

రాత్రి మేకల్ని తోలి ఉంచే దొడ్డిని రొప్పం అంటారు. వాళ్ల రొప్పం చుట్టూ కంప, ముందు వెదురు తడిక. తడికను రాతి కూసానికి, అంటే పాతిన రాతి గుంజకు, కలిపి పైనుంచి ఒక జీఐ తీగ రింగు తగిలిస్తారు. మందలో నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న మేక ఒకటి ఉంది, బొల్లి అంటారు. తెల్లారేసరికి తడిక తీసి ఉండేది, మేకలు పక్క చేలో కందిమొక్కలు కొరుకుతూ కనపడేవి, ఇంటికి తగాదా వచ్చేది. పిల్లలెవరో తీస్తున్నారని ముందు అనుకున్నారు. చివరికి ఈ అమ్మాయే కనిపెట్టింది, తీసేది బొల్లి అని.

నేను నమ్మలేదు. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి వాళ్ల మిద్దె మీద, పిట్టగోడ వెనకాల ఆ పిల్ల పక్కనే కూర్చుని నా కళ్లతో చూశాను. అందులో మెలిక ఏంటంటే, తడికను బయటికి తోస్తే తీగ ఇంకా బిగుసుకుంటుంది, రింగు రాదు. మిగతా మేకలన్నీ చేసేది అదే, తలతో బయటికి తోస్తాయి. బొల్లి వచ్చి కాసేపు ఊరికే నిలబడింది. తర్వాత మెడ పక్కకు తిప్పి ఒక కొమ్మును వెదురు బద్దల మధ్య దూర్చి, రెండడుగులు వెనక్కి వేసింది. తడిక లోపలికి వచ్చింది, తీగ వదులైంది. అప్పుడు కొమ్ము తీసి, పైపెదవితో రింగును తడుముకుని పళ్లతో పట్టుకుని పైకి లేపింది. మొదటిసారి జారిపోయింది. మళ్లీ కొమ్ము దూర్చింది, మళ్లీ వెనక్కి లాగింది. రెండోసారి రింగు వచ్చేసింది. నా పక్కన ఆ పిల్ల, ఎంతసేపు పడుతుందో చూడ్డానికి గుసగుసగా 38, 39 అని లెక్కపెడుతూనే ఉంది, తడిక తెరుచుకోగానే ఆ అంకె రాసుకుంది. కింద వాళ్ల నాన్న వచ్చి "అది శానా తెలివైంది సార్, నేనెట్ల కట్టినా ఇప్పుతాది" అన్నాడు, కోపమూ గర్వమూ రెండూ ఉన్నాయి ఆ గొంతులో.

ఇంతవరకు అయితే అది వింత, అంతే, ఫోన్లో వీడియో తీసి నలుగురికీ పంపుకోవచ్చు. కానీ ఆ పిల్ల అక్కడితో ఆగలేదు, నేను మిమ్మల్ని చూడమంటున్నది అదే.

మిద్దె మీద ఎందుకు కూర్చుంటావమ్మా, దగ్గర నిలబడి చూడొచ్చు కదా అన్నాను. "నేను దగ్గరుంటే అది నన్ను చూస్తాంటాది సార్, తీగను చూడదు" అంది. ఈ మాట వినగానే నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకో చెప్తాను. మన ఇళ్ల ముందుకు గంగిరెద్దును తోలుకొచ్చేవాళ్లను మీరూ చూసే ఉంటారు. అమ్మగారికి దండం పెట్టు అంటే ఎద్దు మోకాలు వంచుతుంది, పాపకు పెళ్లవుతుందా అంటే తల ఊపుతుంది. ఎద్దుకు మాట అర్థమైందా, ఆయన చేతిలో తాడు కదలిక అర్థమైందా? జర్మనీలో నూట ఇరవై ఏళ్ల కింద అచ్చం ఇదే ప్రశ్న పెద్ద వివాదమైంది. హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేస్తుందని, జవాబు ఎంతో అన్నిసార్లు కాలు తడుతుందని జనం విరగబడి చూశారు, 1904లో ఒక కమిషన్ పరీక్షించి మోసమేమీ లేదని కూడా చెప్పింది. తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన, ప్రశ్న అడిగే మనిషి గుర్రానికి కనపడకుండా చేసి చూశాడు. అడిగే మనిషికే జవాబు తెలియకుండా కూడా చేసి చూశాడు. రెండింట్లోనూ గుర్రం తప్పింది. అది లెక్క చేయడం లేదు, ఎదురుగా ఉన్న మనిషి తల, ఒంటి కదలిక చూసి ఎక్కడ ఆపాలో పట్టేస్తోంది. అడిగేవాళ్లకు తాము కదులుతున్నట్టు కూడా తెలియదు. 1907లో ఫుంగ్‌స్ట్ అది తేల్చిన తర్వాత, జంతువుల తెలివి మీద పరిశోధన చేసే ప్రతి ఒక్కరూ మొదట జాగ్రత్తపడేది ఈ విషయంలోనే. మా ఎనిమిదో తరగతి పిల్లకు హాన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు, అది మన పాఠ్యపుస్తకంలో లేదు. మందతో తిరిగి తిరిగి తనంతట తనే ఆ జాగ్రత్త దగ్గరికి వచ్చింది.

ఇంకొకటి. నెల తర్వాత వాళ్ల నాన్నను బతిమాలి, తీగ రింగును తడికకు రెండోపక్క కూసానికి మార్పించింది. బొల్లి మూడు రోజులు పాత పక్కనే కొమ్ము దూర్చి లాగింది, అక్కడ రింగే లేదు. నాలుగో రోజు కొత్త పక్కకు పోయింది. ఆ రోజు నోట్‌బుక్కులో ఆ పిల్ల రాసుకున్న వాక్యం ఇది: "బొల్లికి తీగ తెలుసు. తడిక తెలుసో లేదో నాకు తెలీదు."

సార్, మేడమ్, ఈ రెండు వాక్యాలు దయచేసి ఇంకోసారి చదవండి. 1898లో అమెరికాలో థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, తాడు లాగితేనో గడియ తొక్కితేనో తలుపు తెరుచుకునేలా చేసి, ప్రతిసారీ ఎంతసేపు పట్టిందో రాసుకుంటూ పోయాడు. పట్టే సమయం మెల్లమెల్లగా తగ్గింది, ఒక్కసారిగా పడిపోలేదు. కాబట్టి పిల్లికి తలుపు ఎలా పనిచేస్తుందో అర్థం కాలేదు, గుడ్డిగా చేసిన వాటిలో పనికొచ్చిందే మిగిలింది అన్నాడు. కాదు, జంతువుకు ఒక్కోసారి విషయం తట్టుతుంది అన్నవాళ్లు తర్వాత వచ్చారు. చేసే జీవికి పని మాత్రమే తెలుసా, పని వెనక సంగతి కూడా తెలుసా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాదన మొత్తం ఈ పిల్ల రెండు వాక్యాల్లో ఉంది, పైగా తెలియనిదాన్ని తెలియదు అని రాసింది. మా బడిలో పెద్ద మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా ఆ మాట రాయడానికి భయపడతారు, ఎందుకంటే తెలీదు అని రాస్తే మనం సున్నా వేస్తాం.

మోడల్ మాటకొస్తే, ఈ థార్న్‌డైక్ పిల్లుల కంటే ముందు కోడిపిల్లలతో పనిచేశాడు. పుస్తకాలను నిలబెట్టి సందులు కట్టి, కోడిపిల్ల దారి వెతుక్కుంటుంటే చూశాడు. పుస్తకాలే ఆయన మోడల్.

మేకల మీద కూడా పరిశోధన జరిగింది, మన దగ్గర కాదు, ఇంగ్లండులో. 2014లో అచ్చైంది. ముందు నోటితో తాడు లాగి, తర్వాత మీటను పైకెత్తితే తిండి దొరికే పెట్టె ఒకటి చేశారు. 12 మేకల్లో 9 నేర్చుకున్నాయి, పది నెలల తర్వాత మళ్లీ ఆ పెట్టె పెడితే మర్చిపోలేదు. బొల్లి చేసే పని కూడా ఇలాంటి రెండు మెట్ల పనే, ముందు లాగాలి, తర్వాత ఎత్తాలి. ఆ పరిశోధనలో ఇంకో సంగతి ఉంది, పక్క మేక చేస్తుంటే చూసిన మేకలు, చూడనివాటి కంటే త్వరగా నేర్చుకోలేదు. ఇది చదివినప్పుడు నేను ఆశ్చర్యపోయాను, ఎందుకంటే ఒకటి చేస్తే అన్నీ చేస్తాయని మనందరి నమ్మకం, గొర్రెదాటు అన్న మాట పుట్టిందే అందుకు. గొర్రెలకూ మనం న్యాయం చేయలేదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత చెప్పుకుంటాం గానీ, కేంబ్రిడ్జి దగ్గర బాబ్రహాం సంస్థలో చేసిన పరిశోధనలో గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకున్నాయని 2001లో తేలింది. ఈ పిల్ల వాళ్ల నాన్నకు ఆ మాట చెప్తే ఆయనేమీ ఆశ్చర్యపడలేదు. ఆయన మందలో తొంభై జీవాలను ముఖం చూసి చెప్తాడు, అవి ఆయన్ను గుర్తుపట్టడంలో వింతేముంది అన్నాడు.

మన జిల్లా సంగతి మీకు తెలియంది కాదు. వాన మొహం చాటేసి చెనక్కాయ పంట పోయిన ఏడు కూడా ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ జీవాల వల్లే. ఆదివారాలు, సెలవుల్లో మంద వెంట పోయే పిల్లలు ప్రతి బడిలో ఉన్నారు. వాళ్లకు ఏ మేక ముందు నడుస్తుందో తెలుసు, వంకలో నీళ్లు ఎండిపోతే ఏది ముందు దారి మార్చుతుందో తెలుసు, తల్లి గొర్రె చీకట్లో తన పిల్లను ఎట్లా వెతుక్కుంటుందో తెలుసు. బడిలోకి వచ్చేటప్పుడు అదంతా గేటు బయట వదిలేసి రమ్మని మనం నేర్పిస్తున్నాం. పట్నంలో షాపులో కిట్టు కొనుక్కొచ్చి బిగించిన పిల్లాడికి ప్రైజు, నాలుగు నెలలు మిద్దె మీద చలిలో కూర్చున్న పిల్లకు "మేకలు కాస్తున్నావా" అన్న మాట. కిట్టు బిగించిన పిల్లాడి మీద నాకేమీ కోపం లేదు, వాడూ మా బడి పిల్లాడే. కానీ ఆ చెత్తబుట్ట మూత తెరుచుకుంటుందని అందరికీ ముందే తెలుసు, రింగు మారిస్తే బొల్లి ఏం చేస్తుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

నేనూ టీచర్నే కాబట్టి ఇద్దరు టీచర్ల గురించి చెప్పకుండా ఉండలేను. చార్లెస్ హెన్రీ టర్నర్ అని అమెరికాలో నల్లజాతి శాస్త్రవేత్త ఒకాయన. 1907లో షికాగోలో డాక్టరేట్ తీసుకున్నాడు, అయినా ఆ తర్వాత ఆయన పని చాలావరకు సెయింట్ లూయిస్‌లో ఒక హైస్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనే సాగింది. పరిశోధనకు పెద్ద ల్యాబు ఏమీ లేదు. పార్కుకు పోయి, రంగురంగుల అట్టముక్కలు పెట్టి, తేనెటీగలు ఏ రంగు దగ్గరికి వస్తున్నాయో చూసి, తేనెటీగకు రంగు తెలుస్తుందని 1910లో రాశాడు. జీవితంలో 70కి పైగా పరిశోధన పత్రాలు అచ్చువేశాడు.

రెండో ఆమె జపాన్‌లో సత్సూఏ మితో, కోషిమా అనే చిన్న ద్వీపం దగ్గర ఊళ్లో బడిపంతులమ్మ. క్యోటో విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి కోతుల మీద పరిశోధన చేస్తూ, అవి బయటికి రావాలని ఒడ్డున చిలగడదుంపలు వేసేవారు. 1953లో ఏడాదిన్నర వయసున్న ఒక ఆడ కోతిపిల్ల, ఇసుక అంటిన దుంపను నీళ్ల దగ్గరికి తీసుకుపోయి కడుక్కుని తినడం మొదట కంటపడింది ఈ టీచరమ్మకే. ఆ కోతిపిల్లకు ఇమో అని పేరు, జపాన్ భాషలో దుంప అని. తర్వాత దాని తల్లి, దాంతో ఆడుకునే కోతులు, ఇంకొన్నాళ్లకు చాలా పిల్లకోతులు కడగడం మొదలుపెట్టాయి. ముసలి కోతులు మాత్రం పెద్దగా నేర్చుకోలేదు. జంతువులకూ ఒకరినుంచి ఒకరికి వచ్చే అలవాట్లు ఉంటాయా అన్న చర్చ ఎక్కడ వచ్చినా ఈ కోషిమా కోతుల మాట వస్తుంది, అవి నిజంగా చూసి నేర్చుకున్నాయా, ఎవరికి వారే నేర్చుకున్నాయా అని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ రోజు మితో వచ్చి చెప్తే, క్యోటో వాళ్లు "మోడల్ ఏది?" అని అడిగి ఉంటే?

జేన్ గుడాల్ పేరు మీకు కొత్త కాదు. 1960లో చింపాంజీలను గమనించడానికి ఆఫ్రికాలోని గోంబే అడవిలో అడుగుపెట్టినప్పుడు ఆమెకు 26 ఏళ్లు, చేతిలో డిగ్రీ లేదు, బైనాక్యులర్, నోట్‌బుక్కు ఉన్నాయి. ఆ ఏడాదే ఒక చింపాంజీ గడ్డిపుల్లను చెదల పుట్టలో దూర్చి, దానికి పట్టుకున్న చెదల్ని పెదాలతో లాక్కుని తినడం చూసింది. పుల్లకున్న ఆకులు దూసి పనిముట్టుగా చేసుకోవడం కూడా చూసింది. పనిముట్టు చేసుకోవడం మనిషికే సొంతం అని అప్పటిదాకా పుస్తకాల్లో ఉన్న మాట ఆ పుట్ట దగ్గర పోయింది. చింపాంజీలకు పేర్లు పెట్టకూడదు, నంబర్లు వేయాలి అని కేంబ్రిడ్జిలో పెద్దలు తప్పుబట్టారు, ఆమె పేర్లతోనే రాసింది. 2025 అక్టోబరులో, 91 ఏళ్ల వయసులో పోయేదాకా ఊరూరా తిరిగి ఈ మాటలే చెప్పింది. మన పిల్ల కూడా మేకకు బొల్లి అనే రాసింది, మేక నంబరు 1 అని రాయలేదు.

ఇక నేను అడిగేది. మీ ఇబ్బంది నాకు తెలుసు, నేనూ చిన్న ఫెయిర్‌లకు జడ్జీగా కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల లోపల వంద బల్లలు చూడాలి, పక్కన అధికారులు, ఫోటోలు, మైకులో పిలుపులు. కదిలేది, వెలిగేది అయితే ఒక్క చూపులో తెలుస్తుంది, నోట్‌బుక్కు అయితే కూర్చుని చదవాలి. అందుకే గమనించి రాసిన ప్రాజెక్టులకు వేరే వరస పెట్టండి, ఆ నోట్‌బుక్కులు ముందురోజే తీసుకుని చదవండి. మార్కుల కాగితంలో మోడల్ పనితనానికి గడి ఉంటుంది కదా, దానికి బదులు వీళ్లకు "ఎన్ని రోజులు చూశావు, నీ ఊహ తప్పేమోనని ఏం చేసి చూశావు" అన్న గడి పెట్టండి. ఆ రెండో ప్రశ్న అడిగితే చాలు, ఇంటర్నెట్‌లో చూసి రాసుకొచ్చిందో, సొంతంగా చూసిందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వీలైతే జీవాలు మేపే పెద్దమనిషిని ఒకరిని మీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి, మేక గురించి పిల్ల చెప్పేది నిజమో కాదో మనకంటే ఆయనకే బాగా తెలుస్తుంది.

దీనికి పైసా ఖర్చు లేదు. ఏ జంతువునూ కోయక్కర్లేదు, బంధించక్కర్లేదు. కాకి గులకరాళ్లు వేసి కుండలో నీళ్లు పైకి తెచ్చిన కథ మన పిల్లలందరికీ వచ్చు, కాకి జాతికే చెందిన రూక్ పక్షులు నిజంగానే రాళ్లు వేసి గొట్టంలో నీళ్లు పైకి తెచ్చి పురుగును అందుకున్నాయని 2009లో కేంబ్రిడ్జిలో పరీక్షించి చూశారు. యాగంటిలో కాకి వాలదు అంటారు కదా, అక్కడి పిల్ల ఎవరైనా ఏడాదిపాటు ఏ పక్షి ఏ వేళకు వస్తుందో రాసుకుంటే అది ఎంత మంచి ప్రాజెక్టు! కర్ణాటకలో బందీపూర్ దగ్గర కోతులు, మనిషి చేతిలో తిండి చూస్తే ప్రత్యేకంగా కూత పెట్టి, చెయ్యి చాచి అడుగుతున్నాయని బెంగళూరు పరిశోధకులు 2018లో రాశారు. మన గుళ్ల దగ్గర కోతులు ఏం చేస్తాయో రోజూ చూసే పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి.

ఫెయిర్ అయ్యాక ఆ పిల్ల రెండు వారాలు నోట్‌బుక్కు ముట్టుకోలేదు. నేనూ ఏమీ అనలేదు. తర్వాత ఒకరోజు ఇంటర్వెల్‌లో కోషిమా టీచరమ్మ సంగతి చెప్పాను, ఆ కోతులు చూసి నేర్చుకున్నాయా లేదా అన్న తగువు గురించి కూడా చెప్పాను. ఏమీ అనకుండా క్లాసుకు వెళ్లిపోయింది. మరుసటి రోజు కొత్త నోట్‌బుక్కు కొనుక్కుని వచ్చింది.

సంక్రాంతి ముందు బొల్లి రెండు పిల్లల్ని ఈనింది. పాలు మరిచాక ఒక పిల్ల రొప్పంలోనే తల్లి దగ్గర పెరుగుతుంది, తల్లి తీగ తీయడం రోజూ చూస్తుంది. రెండోదాన్ని అదే ఊళ్లో వాళ్ల మేనత్త ఇంట్లో పెంచుతారు, అక్కడ తలుపుకు గొళ్లెం ఉంది, తీగ రింగు లేదు. కొన్ని నెలలయ్యాక రెండింటినీ ఒక్కొక్కటిగా ఆ తడిక ముందు వదిలి, పైనుంచి లెక్కపెడుతుందట. ఇదంతా నాకు చెప్పి, కాసేపు ఆగి, "రెండు పిల్లలతో ఏం తేలదు కదా సార్" అంది. తేలదమ్మా అన్నాను. పోయిన ఆదివారం వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని ఊళ్లో ఇంకో మూడు మందల వాళ్ల దగ్గరికి వెళ్లి, మీ మేకపిల్లలు ఎప్పుడు పుట్టాయి, మీ తడికకు కూడా తీగ రింగు పెట్టుకుంటారా అని అడిగి వచ్చింది. ఇద్దరు సరేనన్నారు.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచరు, అనంతపురం జిల్లా